వర్చువల్ మెషీన్లకు గ్రూపులు, ఒక్క స్క్రిప్టుతో

అమీర్‌పేటలో లినక్స్ పాఠాలు చెప్పడానికి నా డెస్క్‌టాప్‌లో 23 వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లు) పెట్టుకున్నాను. తరగతి వేళకు కావలసినదాన్ని వెతుక్కోవడమే పెద్ద పనిగా ఉండేది.

వీటిని నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే వీబాక్స్‌మేనేజ్ ఆదేశం, మెషీన్లను గ్రూపులుగా సర్ది ఈ తలనొప్పిని తీర్చింది. ముందుగా మెషీన్లన్నింటికీ ‘ఉదయం-01’, ‘సాయంత్రం-02’ అని ఒకే తీరులో పేర్లు పెట్టాను. తర్వాత నాలుగైదు వరుసల షెల్ స్క్రిప్టు (ఆదేశాలను వరుసగా నడిపే చిన్న ఫైలు) రాశాను. అది వీబాక్స్‌మేనేజ్‌లోని ‘లిస్ట్ వీఎంఎస్’ ఇచ్చే మెషీన్ల జాబితాలోంచి ఒక్కో పేరు తీసుకుంటుంది, చిన్న గీతకు (-) ముందున్న మాటను విడదీస్తుంది, దాన్ని మెషీన్ అమరికలు మార్చే ‘మోడిఫైవీఎం’ ఆదేశానికి ‘గ్రూప్స్’ ఐచ్ఛికంగా అందిస్తుంది. గ్రూపు పేరు ముందు ఏటవాలు గీత (/) తప్పనిసరి. నాకు అరగంట పట్టింది అక్కడే! అదే గీతతో గ్రూపులో మరో గ్రూపు కూడా పెట్టుకోవచ్చు.

నడుస్తున్న మెషీన్ మీద మాత్రం ఇది పనిచేయదు. అన్నింటినీ పూర్తిగా ఆపాకే స్క్రిప్టు నడపండి.