ఆడి తగ్గింపులు మొదలయ్యేలోపే సర్దుకోవలసినవి

జులై నడిమికి చెన్నై గోడలన్నీ ఒకే మాట పలుకుతాయి: ఆడి తళ్ళుపడి. ఆడి అంటే జులై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా నడిచే తమిళ నెల, తళ్ళుపడి అంటే తగ్గింపు. ఆడి నెలలో తమిళులు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. పైగా అది విత్తులు వేసే అదను, పల్లెల్లో చేతిలో ఉన్న డబ్బు పొలానికి పోతుంది. బేరాలు లేని ఆ నెలనే దుకాణాలవారు తగ్గింపులతో పండుగలా మార్చేశారు. ఇక్కడి తెలుగువాళ్ళకు మరీ చిక్కు. మన ఆషాఢం సాధారణంగా ముందే వస్తుంది కనుక టీవీలో ఆ తగ్గింపుల ప్రకటనలు చూసి చూసి మనసు మెత్తబడి ఉంటుంది. అంతలో ఆడి వస్తుంది. ఆడి నడుస్తుండగానే శ్రావణం, వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీర.

కొన్నేళ్ళ కిందట ఒక ఆడి ఆదివారం దిండు గలీబుల కోసం టీనగర్‌లో దుకాణాలు కిక్కిరిసిన రంగనాథన్ వీధికి వెళ్ళాను. అయిదు చీరలు, ఒక మిక్సీతో తిరిగివచ్చాను. "ఇంట్లో మిక్సీ బాగానే ఉంది కదమ్మా" అన్నారు అత్తయ్య. "రేపు పాడైతేనో, అత్తయ్యా?" అన్నాను. పాత మిక్సీ ఇప్పటికీ తిరుగుతోంది. గలీబులు మాత్రం ఆ రోజు తేలేదు.

ఆ జనంలోకి వెళ్ళాక నిగ్రహం పాటిద్దాం అనుకోవడం నీళ్ళలో దిగాక ఈత నేర్చుకోవడమే. పని అంతా ముందే జరగాలి. జులై మొదటి వారంలో ఒక సాయంత్రం బీరువా తెరిచి, ఉన్న చీరలూ చొక్కాలూ మంచం మీద పరవండి. మడత విప్పనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాకు ఏడు తేలాయి. తరువాత కాగితం మీద కావలసినవి రాసి, పక్కన ధర వేయండి. జాబితాలో లేనిది ఎంత చౌకైనా ఆ రోజు కొనకూడదు. ఇంటికి వచ్చి మూడు రోజులు ఆగాక కూడా అది గుర్తుంటే మళ్ళీ వెళ్ళవచ్చు. మాంబళం స్టేషన్ నుంచి టీనగర్ బస్టాండు దాకా ఆకాశ నడకదారి ఉంది, తోపులాట లేకుండా వెళ్ళిరావచ్చు. నేను మళ్ళీ వెళ్ళిన సందర్భాలు ఒక చేతి వేళ్ళకు మించవు.

జీతం పడిన మర్నాడే పొదుపు సొమ్ము పక్కకు వెళ్ళిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. మిగిలింది దాద్దాం అనుకుంటే మిగలదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే మొదలవుతుంది, అయిదేళ్ళు కట్టాలి. మధ్యలో తీయడం కొంచెం తలనొప్పి. మనలాంటివారికి ఆ తలనొప్పే మేలు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది క్రెడిట్ కార్డు. నెలకు 3.5 శాతం వడ్డీ వేసే కార్డు మీద 20,000 బాకీ ఉందనుకోండి. కనీస మొత్తం అని బిల్లులో వెయ్యి చూపించారు, కట్టి హాయిగా నిద్రపోయాం. వడ్డీ 700, దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826 అటే పోయింది. అసలు తగ్గింది 174 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు దొరకదు. నలభై శాతం తగ్గింపు చీర ఏడాది తిరిగేసరికి దాదాపు మామూలు ధరకు చేరుకుంటుంది. వడ్డీ లేని వాయిదాలు అనే మాట కూడా నమ్మదగినది కాదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, వదులుకున్న నగదు తగ్గింపులోనో దాగి ఉంటుంది. దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము అదనం.

కార్డులో ఆన్‌లైన్ చెల్లింపులను ఆపే మీట, రోజుకు ఇంత అని హద్దు పెట్టే వీలు బ్యాంకు యాప్‌లో ఉంటాయి. ఆడి పోయేదాకా ఆపేయండి. దుకాణానికి నగదు తీసుకువెళ్ళండి. అయిదు వందల నోట్లు ఒక్కొక్కటే చేయి జారుతుంటే గుండె కలుక్కుమంటుంది, ఫోను చూపించి కట్టేటప్పుడు అనదు.

ఫోను గురించి మరో మాట. రాత్రి పదింటి తరువాత కొన్నవే నా ఇంట్లో ఎక్కువ వృథా. "ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ముగుస్తుంది" అని లేని తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మార్గదర్శకాల్లో నిషేధించింది. అలాంటిది ఎదురైతే 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. అంతకంటే తేలిక, తగ్గింపుల సందేశాలు రాకుండా ఆపేసుకోవడం.

నగల దుకాణాల నెలవారీ పథకాలను పొదుపు అనుకునేవారు మా వీధిలో చాలామంది. అవి 11 నెలలకే ఎందుకు ముగుస్తాయో ఎప్పుడైనా గమనించారా? సరుకు కోసం తీసుకున్న ముందస్తు సొమ్మును 365 రోజుల్లో సర్దకపోతే కంపెనీల చట్టం కింద అది డిపాజిట్ అయిపోతుంది. అలా కాకుండా ఉండేందుకే 11 నెలలు. అంటే మనం కట్టేది నగకు ముందస్తు సొమ్మే, బ్యాంకు డిపాజిట్ కాదు. బ్యాంకు డిపాజిట్లకు ఉండే 5 లక్షల బీమా దానికి వర్తించదు. నగ నిజంగా అవసరమైతే చేరండి. కొనేటప్పుడు హాల్‌మార్క్‌తో పాటు హెచ్‌యూఐడీ సంఖ్య, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే, ఆ నగకే ప్రత్యేకమైన గుర్తు, ఉందో లేదో చూసుకోండి.

ఒకవేళ కొనేశారా? ధర చీటీ చింపకండి, బిల్లు పారేయకండి. మార్పిడి గడువు ఎన్నాళ్ళో దుకాణంలోనే అడిగి బిల్లు మీద రాసుకోండి. తగ్గింపు సరుకు వెనక్కి తీసుకోం అనే చోట జాబితాలో ఉన్నదైనా మరోసారి ఆలోచించి కొనండి.

ఈ ఏటి నా జాబితా వంటింటి క్యాలెండరుకు వేలాడుతోంది: కుక్కరు గాస్కెట్టు, పిల్లవాడికి రెండు తెల్ల చొక్కాలు, దిండు గలీబులు.