హైదరాబాద్ ఐటీ టీముల్లో బర్నౌట్: టీమ్ లీడ్ ఏం చూడాలి, ఏం మార్చాలి

అమెరికా క్లయింట్లకు ఇక్కడి నుంచి సపోర్ట్ ఇచ్చే టీముల్లో ముందు కుప్పకూలేది బద్ధకస్తుడు కాదు. ఏ టికెట్ (క్లయింట్ సమస్య నమోదైన పని) ఇచ్చినా కాదనని, అర్ధరాత్రి ఫోన్ మోగితే మొదటి రింగుకే ఎత్తే మనిషి. పని బాగా చేసేవాళ్ల దగ్గరికే పని పోయి చేరుతుంది మరి. రాజీనామా మెయిల్ వచ్చాక జీతం పెంచుతామని బతిమాలే కంటే, అంతకు ముందు కనిపించే గుర్తులు పట్టుకోవడం తేలిక. పది పదిహేను మందిని నడిపే లీడ్‌కి ఇది చేతిలో ఉన్న పనే.

ఏది బర్నౌట్?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల జాబితాలో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా వర్ణించింది. అందులో మూడు అంశాలున్నాయి: సత్తువంతా అయిపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం, తన చేత ఏదీ కావట్లేదన్న భావన. మొదటిది ఒక్కటే ఉంటే మామూలు అలసట కావచ్చు. రిలీజ్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల) అయిపోయి నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే పోతుంది. సెలవు పెట్టి వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నానికే మళ్లీ అదే నీరసం, దానికి తోడు విసుగు కనిపిస్తే మాత్రం అనుమానించాలి.

ఆఫీసుతో సంబంధం లేని వాటిలో కూడా, అంటే తిండి, పండగ, పిల్లలు, స్నేహితులు ఏవీ రుచించని స్థితి రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాగే నీరసపెడతాయి. వాటిని తేల్చాల్సింది డాక్టరు. ఆ పేర్లు పెట్టడం లీడ్ పని కాదు.

గుర్తులు ఎక్కడ దొరుకుతాయి?

మనిషిని పక్కవాడితో పోల్చకండి. ఆరు నెలల క్రితం తనెలా ఉన్నాడో దానితో పోల్చండి. సహజంగానే తక్కువ మాట్లాడేవాడు స్టాండప్‌లో, అంటే రోజూ పొద్దున జరిగే చిన్న టీమ్ మీటింగులో, మౌనంగా ఉంటే వింతేమీ లేదు. డిజైన్ మీద గంటసేపు వాదించే మనిషి ఉన్నట్టుండి ప్రతిదానికీ 'ఓకే' అంటున్నాడంటే దాన్ని పట్టించుకోవాలి. చాలామంది లీడ్‌లు దీన్నే 'ఇప్పుడు సర్దుకుపోతున్నాడు' అని మెచ్చుకుంటారు.

మిగతావి రికార్డుల్లోనే ఉంటాయి. గత ఆరు వారాలవి తెరిచి చూడండి: రాత్రి 11 తర్వాత ఎన్ని కోడ్ చెకిన్లు (రాసిన కోడ్‌ని సిస్టంలో చేర్చడం), ఎన్ని కాల్స్, వాడకుండా పోగుపడిన సెలవులు, కాంప్ ఆఫ్‌లు (అదనపు పనికి బదులిచ్చే సెలవులు), సోమవారాల్లో పెట్టిన సిక్ లీవులు, తిరిగి తెరుచుకున్న టికెట్లు. చేతికి అలవాటైన పనిలో చిన్న చిన్న తప్పులు పెరగడం కూడా గమనించాల్సిన సూచన. ఏ ఒక్కటో చూసి నిర్ణయానికి రావద్దు. రెండు మూడు కలిసి కనబడితే మాట్లాడాల్సిందే.

ఎలా మాట్లాడాలి?

'ఎలా ఉన్నావ్?' అంటే 'బానే ఉన్నా' అనే వస్తుంది. ఫ్లాట్ ఈఎంఐ ఉన్నవాడు, ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పని) కోసం ఎదురుచూస్తున్నవాడు తన చేత కావట్లేదని లీడ్‌తో ఎందుకంటాడు? కాబట్టి ఒప్పించే ప్రయత్నం వద్దు. చూసింది చెప్పి, పని గురించి అడగండి: 'గత ఆరు వారాల్లో తొమ్మిది రాత్రులు నీకే కాల్స్ వచ్చాయి. వచ్చే రెండు వారాలకు నీ దగ్గర్నుంచి ఏ రెండు పనులు తీసేయమంటావు?' అడిగాక ఆగండి. మొదటి జవాబు 'ఏం వద్దు' అనే ఉంటుంది, రెండోది అసలుది. ఈ మాట అప్రైజల్ మీటింగులో ఎత్తొద్దు, క్యాంటీన్‌లో పదిమంది మధ్య అసలే వద్దు. విన్నది అతను సరే అనకుండా హెచ్ఆర్‌కి చేరిందంటే ఆ టీములో ఇంకెవరూ నోరు విప్పరు.

తీసేసిన పని నిజంగా వేరేవాళ్ల పేరు మీదికి మారాలి. 'కొంచెం చూస్తూ ఉండు' అని వదిలేస్తే అది తీసినట్టు కాదు.

గంటల లెక్క

న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ మనకు వేసవిలో సాయంత్రం 6:30. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారగానే అది 7:30 అవుతుంది. కాలిఫోర్నియా క్లయింటైతే 9:30 కాస్తా రాత్రి 10:30. మార్చి రెండో ఆదివారం దాకా, అంటే నాలుగు నెలలకు పైగా, సాయంత్రాలు ఇలా జరిగిపోతాయి. పొద్దున స్టాండప్ మాత్రం 10కే ఉంటుంది. అక్టోబర్‌లోనే స్టాండప్‌ని 10 కంటే ఆలస్యంగా ఉండేలా మార్చండి, లేదా రాత్రి కాల్‌కి వారానికి ఒకరు చొప్పున వంతులు వేయండి. షిఫ్ట్ ముగిశాక మళ్లీ మొదలయ్యేలోపు 11 గంటల విరామం ఉండేలా చూడండి. షిఫ్టులు మార్చాల్సివస్తే ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరసలో మార్చండి. వెనక్కి తిప్పితే శరీరం సర్దుకోవడం కష్టం.

ఆన్‌కాల్‌కి, అంటే ఏ వేళ సమస్య వచ్చినా స్పందించే వంతుకి, గూగుల్‌లో సిస్టంలు ఆగకుండా చూసే ఎస్ఆర్ఈ టీములు పాటించే కొలత పనికొస్తుంది: ఒక మనిషి సమయంలో ఆన్‌కాల్ పావు వంతు దాటకూడదు, ఒక షిఫ్టులో రెండుకు మించి ఇన్సిడెంట్లు (సిస్టం సమస్యలు) రాకూడదు. ప్రైమరీ (మొదట స్పందించేవాడు), సెకండరీ (అతనికి బ్యాకప్) ఇద్దరూ వారం వారం వంతులతో 24 గంటలూ ఉండాలంటే ఎనిమిది మంది కావాలి. నలుగురితో నడిపితే ప్రతి మనిషీ రెండు వారాలకోసారి ఎక్కాల్సిందే. మనుషుల్ని ఇవ్వరా? అలర్టులు (సిస్టం తనంతట తాను పంపే హెచ్చరికలు) తగ్గించండి. నెల రోజుల అలర్టులన్నీ తీసి, వాటిలో ఎవరూ ఏమీ చేయకుండానే మూసేసినవి ఏవో చూడండి. అలాంటివి మనిషిని నిద్ర లేపకూడదు. పొద్దున చూసుకునే జాబితాలోకి పంపండి.

ప్లానింగ్‌లో తప్పు ఇంకా ముందే మొదలవుతుంది. నెలకు 22 రోజుల చొప్పున ఏడాదికి 264 అని ఎస్టిమేట్ వేస్తారు. ఏడాదిలో సోమ-శుక్రవారాలు సుమారు 260. పది పండగలు, ఇరవై సెలవులు, ఐదు సిక్ లీవులు తీసేస్తే మిగిలేది 225. మనిషికి 39 రోజుల లోటు. పదిమంది టీములో అది ఒకటిన్నర మనిషికి పైనే. ఆ లోటంతా శనివారాల్లో, రాత్రుల్లో పూడుతుంది. నెలకు 19 రోజులు వేయండి. మేనేజర్ ఒప్పుకోకపోతే ఈ లెక్కే ముందు పెట్టండి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పిన మాట కూడా చేర్చండి.

పనిచేయనివి

శుక్రవారం సాయంత్రం యోగా సెషన్ పెట్టి హాజరు తప్పనిసరి అనడం. పని మార్చకుండా వారం సెలవిచ్చి పంపడం. తిరిగొచ్చేసరికి 400 మెయిళ్లు కూర్చుని ఉంటే ఆ సెలవు రెండు రోజుల్లో కరిగిపోతుంది. 'మా రోజుల్లో మేమూ పడ్డాం' అనడం. రాత్రంతా కూర్చుని ప్రొడక్షన్ (క్లయింట్ వాడుతున్న అసలు సిస్టం) నిలబెట్టినవాడికి అందరి ముందు అవార్డు ఇచ్చి, అది రాత్రిళ్లు ఎందుకు పడిపోతోందో అడగకపోవడం. ఈ చివరిదే అన్నిటికంటే చేటు, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసే నేర్చుకుంటారు.

సెలవుకి ముందే బ్యాకప్ పేరు, లాగిన్ పర్మిషన్లు తేల్చండి. సెలవులో ఉన్న మనిషిని వాట్సాప్ గ్రూపులోంచి తాత్కాలికంగా తీసేయండి, మ్యూట్ చేసుకోమంటే ఎవరూ చేయరు. తిరిగొచ్చిన మొదటి రెండు వారాలు ఆన్‌కాల్ వద్దు, గడువులున్న పని సగమే. మనసు బాగా కుంగినట్టు కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న మాట ఏ రూపంలో వచ్చినా ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి. నాలుగో వారం చివర అవే రికార్డులు మళ్లీ తెరవండి. రాత్రి చెకిన్లు పాత లెక్కకే చేరి ఉంటే, మీరు తీసేశామనుకున్న పని ఏదో దారిలో మళ్లీ అతని దగ్గరికే వచ్చిందన్నమాట. అది ఎవరి ద్వారా వచ్చిందో అక్కడినుంచి వెతకండి.