సిటీ ఆఫ్ గాడ్ ఫస్ట్ టైం చూసేవాళ్ళకి: బెనీ మీద ఓ కన్నేసి ఉంచండి

సిటీ ఆఫ్ గాడ్ అనే ఈ బ్రెజిల్ సినిమా చూడమని ఎవరికి చెప్పినా ముందు వచ్చే మాట "అమ్మో అది మరీ రక్తపాతం అంట కదా" అనే. నిజమే, దాచేదేం లేదు, చాలా ఉంది, పిల్లల చేతుల్లో తుపాకులుంటాయి, కొన్ని సీన్లు కడుపులో తిప్పేస్తాయి. కానీ నాకు రెండో సారో మూడో సారో చూసినప్పుడు తెలిసొచ్చింది ఏంటంటే ఇది అసలు దోస్తీ సినిమా, చిన్నప్పట్నుంచి ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు ఇంకొకణ్ణి ఎంతకాలం ఆపగలిగాడు, ఆపేవాడు పోయాక ఆ ఊరేమైంది, అంతే కథ. అది పట్టుకుని చూస్తే తుపాకుల మోత కూడా వేరేగా వినపడుద్ది. అందుకే ఎలా చూస్తే బాగుంటుందో నాకు తెలిసినంతలో రాస్తున్నా.

ముందు ఓ ఐదు నిమిషాలు ఆ చోటు గురించి తెలుసుకోండి, కథ మాత్రం చదవకండి. సిటీ ఆఫ్ గాడ్ అనేది నిజమైన పేట పేరు, పోర్చుగీసులో సిదాజీ జీ దేవుస్, రియో డి జెనీరోకి పడమర వైపు ఉంటుంది. 1960ల్లో ఊరి మధ్యలో ఉన్న మురికివాడల్ని ఖాళీ చేయించి, వాళ్ళందర్నీ తీసుకెళ్ళి దూరంగా ప్రభుత్వం కట్టిన ఒకేలాంటి ఇళ్ళల్లో పెట్టారు, 1966లో వరదలొచ్చి ఇళ్ళు పోయినవాళ్ళు కూడా చాలామంది అక్కడికే చేరారు. పనులన్నీ ఊళ్ళో, బతుకు ఊరికి దూరంగా. పైగా 1964 నుంచి 1985 దాకా బ్రెజిల్లో మిలిటరీ పాలన, సినిమా మొత్తం ఆ కాలంలోనే నడుస్తుంది, 60ల చివర్నుంచి 80ల మొదలు దాకా. అక్కడే పెరిగిన పాలో లిన్స్ 1997లో నవల రాశాడు, దాన్నే ఫెర్నాండో మెయిరెలెస్ డైరెక్టర్‌గా, కాచియా లుండ్ కో డైరెక్టర్‌గా 2002లో సినిమా తీశారు. ఇంతవరకు తెలిస్తే చాలు.

డబ్బింగ్ వెర్షన్ దొరికినా వద్దు, దయచేసి వద్దు. ఎందుకంటే ఇందులో పిల్లలు చాలామంది అప్పటిదాకా కెమెరా ముందు నిలబడినోళ్ళు కాదు, రియోలో అలాంటి పేటల్లోంచే ఏరుకొచ్చి నెలల తరబడి వర్క్‌షాప్ పెట్టి తయారుచేశారు, చేతికి డైలాగ్ పేపర్ ఇవ్వకుండా సీన్ ఇదీ అని చెప్పి వాళ్ళ మాటల్లోనే మాట్లాడించారు. ఆ గొంతులు, ఆ అరుపులు, ఒకడి మాట మీద ఇంకొకడు పడిపోవడం, అదే సినిమా. డబ్బింగ్‌లో ఆ ప్రాణం పోద్ది. గ్యాంగ్ లీడర్ జే పాత్ర వేసిన లెయాంద్రో ఫిర్మినో ఆ పేటలోనే పెరిగినవాడు, ఫ్రెండ్‌కి తోడుగా ఆడిషన్‌కి వెళ్ళి సెలెక్ట్ అయ్యాడు. ఆ కళ్ళు చూశాక మాత్రం ఇంకెవర్నీ ఊహించుకోలేం.

సబ్‌టైటిల్స్‌తో ఒక చిక్కుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. చెవికి వినపడే పేరు ఒకటి, కింద ఇంగ్లీష్‌లో పడే పేరు ఇంకొకటి. కథ చెప్పే కుర్రాణ్ణి బుస్కపే అంటారు, కింద రాకెట్ అని పడుద్ది. చిన్నప్పుడు దాజిన్యో, కింద లిల్ డైస్, వాడే పెద్దయ్యాక జే పెకేనో, కింద లిల్ జే, అంటే ఇద్దరూ ఒకడే, ఇది గుర్తుపెట్టుకోండి. మనే గలీన్య అంటే నాకౌట్ నెడ్, సెనోరా అంటే క్యారెట్. జే చిన్ననాటి దోస్తు బెనీ మాత్రం రెండు చోట్లా బెనీనే. ఈ ఐదు పేర్లు ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి, మొదటి అరగంట హాయిగా గడిచిపోద్ది.

ఫస్ట్ టైం చూసేటప్పుడు ఆపకండి. రెండు గంటల పది నిమిషాలే. కథ చెప్పేవాడు మధ్యలో ఆపి "వీడి సంగతి తర్వాత" అని ఇంకో చోటికి వెళ్ళిపోతాడు, కంగారు పడొద్దు, మళ్ళీ వచ్చి ముడి విప్పుతాడు. మొదటి సీన్లో కోడి తప్పించుకుని సందుల్లో పరిగెడుతుంటే గ్యాంగ్ మొత్తం వెంటపడుద్ది, ఆ కోడి దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాం. రంగులు కూడా గమనించండి, 60ల భాగం ఎండలో పండినట్టు బంగారం రంగులో ఉంటుంది, కెమెరా నిలకడగా ఉంటుంది, 70ల్లోకి రాగానే ఊపొస్తుంది, పాటలు, డాన్సులు, చివరి భాగంలో చీకటి పెరిగిపోయి కెమెరా చేతిలో వణికిపోతుంటుంది. సీజర్ షర్లోనీ కెమెరా, డేనియల్ రెజెండే ఎడిటింగ్, 2004 ఆస్కార్స్‌లో ఇద్దరూ నామినేట్ అయ్యారు, డైరెక్షన్‌కి స్క్రీన్‌ప్లేకి కూడా నామినేషన్లొచ్చాయి, అవార్డు మాత్రం ఒక్కటీ రాలేదు. నాకిప్పటికీ బాధే.

ఒక హెచ్చరిక, సీరియస్‌గా చెప్తున్నా. మధ్యలో ఇద్దరు చిన్నపిల్లల్ని గోడకి నిలబెట్టి చేతి మీద కాల్చాలా కాలి మీద కాల్చాలా అని అడిగే సీనుంటుంది. ఇంట్లో పిల్లలున్నప్పుడు పెట్టకండి. మీ వల్ల కాకపోతే అక్కడ ముందుకు జరిపేయండి, తప్పేం లేదు.

ఇక్కడ్నుంచి కథ బయటపడిపోద్ది, చూడనోళ్ళు చూసొచ్చి చదవండి.

రెండోసారి చూసేటప్పుడు బెనీని మాత్రమే ఫాలో అవ్వండి. జే ఎక్కడుంటే అక్కడ పక్కన ఉంటాడు, కానీ పని ఎప్పుడూ ఒకటే, ఆపడం. క్యారెట్‌ని చంపేసి వాడి డ్రగ్స్ వ్యాపారం కూడా లాక్కుందామని జే ఎప్పట్నుంచో చూస్తుంటాడు, క్యారెట్ బెనీకి ఫ్రెండ్ కాబట్టి ఆ ఒక్క కారణంతో ఊరు కొన్నేళ్ళు ప్రశాంతంగా ఉంటుంది. ఆలోచించండి, పోలీసులు కాదు, చట్టం కాదు, ఒక ఫ్రెండ్ మొహమాటం మీద అంత పెద్ద పేట బతికింది. తర్వాత బెనీకి జుట్టుకి రంగేసుకోవాలని, మంచి బట్టలు వేసుకోవాలని, గర్ల్‌ఫ్రెండ్ ఆంజెలికాతో కలిసి ఎక్కడో పొలంలో బతకాలని కోరిక పుడుతుంది. ఆ వీడ్కోలు పార్టీ సీన్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హాలంతా డాన్స్ చేస్తుంటే జే ఒక్కడే గోడలా నిలబడి ఉంటాడు, వాడికి డాన్స్ రాదు, ఒక అమ్మాయిని అడిగితే కాదంటుంది, ఊరంతా భయపడేవాడికి ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క మనిషి బెనీ, వాడూ వెళ్ళిపోతున్నాడు. వాడి కోపం వెనక ఉన్నది ఒంటరితనం అని డైలాగ్‌లో ఎక్కడా చెప్పరు, మొహం చూసి మనమే తెలుసుకోవాలి. బెనీ ఆ రోజు బుస్కపేకి ఇద్దామనుకున్నది ఒక కెమెరా, దాని కోసమే జేతో పెనుగులాట, ఆ వెంటనే జే కోసం వచ్చిన తూటా బెనీకి తగుల్తుంది. అక్కడ్నుంచి సినిమా చివరి దాకా ఎవర్నీ ఆపేవాడు లేడు, అందుకే ఆ తర్వాత చావులకి లెక్కుండదు.

దీనికి పక్కనే నెడ్‌ని పెట్టి చూడండి. మంచివాడు, బస్సు కండక్టర్, వాడి మంచితనం చూసి బుస్కపే దోచుకోవాలన్న ఆలోచనే మానుకుంటాడు. జే వల్ల తనకి జరిగిన దారుణం తర్వాత తుపాకీ పట్టి, అమాయకుల్ని చంపకూడదు అని రూల్ పెడతాడు. ఆ రూల్ ఒకసారి తప్పుతుంది, తర్వాత తప్పడమే రూల్ అయిపోతుంది. వాడు ఎవరి చేతిలో పోయాడో, ఎందుకు పోయాడో రెండోసారి జాగ్రత్తగా చూడండి, మొదటిసారి ఆ స్పీడ్‌లో మిస్ అయిపోతాం.

టైటిల్స్ పడగానే కట్టేయకండి, అక్కడ నిజ జీవితంలోని మనే గలీన్య, అంటే సినిమాలో నెడ్, టీవీకి మాట్లాడిన పాత ఫుటేజ్ వస్తుంది. ఇంకో మాట, ఆ పేటలోనే పుట్టి పెరిగిన ర్యాపర్ ఎమ్వీ బిల్ ఈ సినిమా మా వాళ్ళందరి మీద ముద్ర వేసింది అని గట్టిగానే విమర్శించాడు. సినిమా మీద నాకెంత ప్రేమున్నా ఆ మాట పక్కన పెట్టలేను, అక్కడ రోజూ పనికెళ్ళి ఇంటికొచ్చే వేలమంది ఈ రెండు గంటల్లో పెద్దగా కనపడరు కదా.

చూశాక మనసు భారంగా ఉంటే సిటీ ఆఫ్ మెన్ అనే సిరీస్ పెట్టుకోండి, 2002లో మొదలై 2005 దాకా వచ్చింది, 2007లో సినిమా కూడా తీశారు. అందులో ఇద్దరు దోస్తులు, డగ్లస్ సిల్వా, దార్లాన్ కున్యా. సిటీ ఆఫ్ గాడ్‌లో చిన్నప్పటి జేగా నవ్వుతూ కాల్చినవాడు డగ్లస్, ఆ గోడ దగ్గర తుపాకీ పట్టుకోవాల్సొచ్చిన పిల్లాడు దార్లాన్. సిరీస్‌లో మాత్రం ఇద్దరూ కలిసి కొండ మీది సందుల్లో తిరుగుతూ, గొడవ పడుతూ, అమ్మాయిల గురించి మాట్లాడుకుంటూ పెద్దవాళ్ళవుతారు.