తుపాన్ల సీజన్ రాకముందే పాత స్పెక్ట్రమ్‌కి మెమరీ పెంచుకుంటున్నారా? ముందు కరెంటు చూసుకోండి

16కె (16 కిలోబైట్ల మెమరీ) జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని, అంటే టీవీకి తగిలించి వాడే 1980ల నాటి ఇంటి కంప్యూటర్‌ని, 48కె చేద్దామనుకుంటే దసరాలోపు పని ముగించండి. కుదరకపోతే సంక్రాంతి దాకా ఆగండి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అక్టోబరు నమ్మదగ్గ నెల కాదు. 2014లో హుద్‌హుద్ 12న వచ్చింది, 2018లో తిత్లీ 11న వచ్చింది. గాలివాన వెలిసినా కరెంటు వెంటనే కుదుటపడదు, వస్తూ పోతూ ఉంటుంది. ఈ మిషన్‌కేమో స్విచ్ లేదు. అడాప్టర్ జాక్ గుచ్చి ఉందంటే ప్రతి కుదుపూ నేరుగా చిప్పుల మీదే పడుతుంది.

చాలామంది టంకం పని చూసి భయపడతారు. అసలు భయపడాల్సింది వోల్టేజీలకి. పాత 16కె మెమరీ అంటే బోర్డు మీద ఐసీ 6 నుంచి 13 దాకా అని రాసి ఉన్న చోట్లలోని ఎనిమిది 4116 రకం చిప్పులు. వాటికి +5, +12, -5 మూడూ కావాలి. -5 పోయి +12 మాత్రం మిగిలితే చిప్పులు కాసేపట్లోనే వేడెక్కి చచ్చిపోతాయి. కాబట్టి కొత్త చిప్పులు ఆర్డర్ పెట్టకముందే మల్టీమీటర్ తీయండి.

మూత విప్పి (ఎలాగో కింద ఉంది), జాక్ గుచ్చి, నల్ల ప్రోబ్‌ని 7805 రెగ్యులేటర్ (5 వోల్టులిచ్చే భాగం) లోహపు రెక్కకి ఆనించండి, అది గ్రౌండే. 4116 చిప్పు గాటు ఎడమ వైపుకి వచ్చేలా చూస్తే కింది వరసలో ఎడమ చివరిది 1వ కాలు, కుడి చివరిది 8, దానికి సరిగ్గా ఎదురుగా పై వరసలో ఉన్నది 9. ఒకటో కాలు మీద -4.5 నుంచి -5.5, ఎనిమిది మీద 10.8 నుంచి 13.2, తొమ్మిది మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ప్రోబ్ జారి పక్క కాలుకి తగిలితే బాగున్న చిప్పూ పోతుంది. అందుకే కొనలో 2 మి.మీ. మాత్రం వదిలి మిగతా లోహానికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. +12గానీ -5గానీ రాకపోతే టీఆర్4 ట్రాన్సిస్టర్, దాని పక్కనున్న కాయిల్ సంగతి ముందు తేల్చండి. అది తేలేదాకా మెమరీ జోలికి పోవద్దు.

అడాప్టర్ 9 వోల్టులు, 1.4 ఆంపియర్లు. జాక్ మధ్యలో నెగెటివ్. ఇక్కడి షాపుల్లో దొరికేవి ఎక్కువగా మధ్యలో పాజిటివ్ ఉన్నవే. మీటర్‌తో చూడకుండా గుచ్చితే బోర్డు పోవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ లోడు లేనప్పుడు 12, 13 వోల్టులు చూపిస్తుంది, అది మామూలే.

మూత విప్పేటప్పుడు కీబోర్డు రిబ్బన్లు రెండింటినీ నిటారుగా పైకి లాగండి. వంచారంటే కనెక్టర్ అంచు దగ్గర చిట్లుతాయి. నలభై ఏళ్ల ప్లాస్టిక్ అది.

లోపల బోర్డు మీద ఇష్యూ నంబరు (బోర్డు ఎన్నో రూపమో చెప్పేది) చూడండి. ఇష్యూ 1 అయితే మెయిన్ బోర్డు మీద అదనపు మెమరీకి చోటు లేదు, దానికి విడిగా చిన్న బోర్డు కావాలి. ఇష్యూ 2, 3 అయితే ఐసీ 15 నుంచి 22 దాకా ఖాళీలుంటాయి. కావలసినవి: 150 లేదా 200 నానోసెకన్ల 4164 చిప్పులు ఎనిమిది (రెండు ఎక్కువే తెప్పించండి, పాతవి తుడిచి అమ్మేవాళ్లున్నారు), లాజిక్ ఐసీలు 74ఎల్‌ఎస్157లు రెండు, 74ఎల్‌ఎస్32 ఒకటి, 74ఎల్‌ఎస్00 ఒకటి. సాకెట్లు 16 కాళ్లవి పది, 14 కాళ్లవి రెండు. 32, 00 రెండూ 14 కాళ్లవే, తారుమారైనా చక్కగా కూర్చుంటాయి. బోర్డు మీది నంబరు రెండుసార్లు చూడండి. 4532 చిప్పులు వాడాలనుకుంటే ఎనిమిదీ ఒకే రకానివై ఉండాలి, లింకు తీగ (బోర్డు మీద రెండు రంధ్రాల్ని కలిపే చిన్న తీగ) కూడా ఆ రకానికి తగ్గట్టే పెట్టాలి. 4164కి ఆ బెడద లేదు, లింకు రెండు చోట్లలో ఎక్కడున్నా నడుస్తుంది. అయితే 4164ని పొరపాటున పాత మెమరీ (ఐసీ 6 నుంచి 13) సాకెట్లో పెట్టకండి. దాని 8వ కాలు 5 వోల్టులది, అక్కడ వచ్చేది 12.

చిప్పులు థర్మోకోల్‌లో గుచ్చి వస్తే వెంటనే తీసేయండి, స్టాటిక్‌కి అదే పుట్టిల్లు. నల్ల ఫోమ్‌లోనో అల్యూమినియం ఫాయిల్‌లోనో ఉంచండి. సోల్డరింగ్ ఐరన్ మూడు పిన్నులది, ఎర్త్ ఉన్నది వాడండి. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోతే ఐరన్ వేడెక్కాక ప్లగ్గు తీసి అంటించండి. రంధ్రాల్లో పాత సీసం ఉంటే ముందు కాస్త కొత్తది కరిగించి, ఆ తర్వాత సక్కర్‌తో లాగండి. ఎండిన సీసాన్ని గీకితే రాగి గీత లేచిపోతుంది. చివర్లో ఫ్లక్సు మరకలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీర ఊళ్లలో ఈ పని అస్సలు వదలొద్దు. ఉప్పుగాలి, తేమ ఆ మరక మీద చేరి కాళ్లు పచ్చబడతాయి.

జాక్ గుచ్చాక ఒక్క నిమిషం చిప్పుల మీద వేలు పెట్టి చూడండి. ఏదైనా చురుక్కుమంటే తీసేయండి. తర్వాత బేసిక్ ఆదేశం ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 కొట్టండి, మిషన్ తనకు కనిపించిన మెమరీలో చివరి చిరునామా చూపిస్తుంది. 65535 వస్తే కొత్త మెమరీ మొత్తం కనిపించినట్టే. 32767 వస్తే కొత్త మెమరీ అసలు కనిపించలేదు, కొత్త లాజిక్ ఐసీలు, లింకు చూడండి. మధ్య సంఖ్య ఏదైనా వస్తే ఎక్కడో చిప్పు తేడాగా ఉంది. అప్పుడు ఆ సంఖ్య తర్వాతి చిరునామాలో పోక్‌తో 255 పెట్టి, పీక్‌తో చదవండి. 191 వచ్చిందనుకోండి, తగ్గింది 64. అంటే ఐసీ 15 దగ్గర 1 మొదలుపెట్టి 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ పోతే 64 దగ్గర వచ్చే ఐసీ 21ది తప్పు. 255 సరిగ్గానే వస్తే 0 పెట్టి కూడా చూడండి. కొన్ని చిప్పులు ఆ వైపే తప్పుతాయి.

కొత్త మెమరీ వల్ల 7805 మీద కరెంటు లోడు పెరుగుతుంది. దాని స్క్రూ బిగించి, కింద థర్మల్ పేస్టు వేయండి. గంటసేపు నడిపి చూశాకే మూత బిగించండి. తుపాను హెచ్చరిక వస్తే జాక్, టీవీ తీగ రెండూ పీకేసి, మిషన్‌ని సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. కరెంటు తిరిగొచ్చి ఒక రోజు నిలకడగా ఉన్నాకే బయటికి తీయండి.