జవాబు తప్పితే ఆలోచన ఎక్కడ ఆగినట్టు? లెక్కల్లో, సైన్సులో పిల్లల ఆలోచన స్థాయిని పట్టుకోవడం: సమస్య - పరిష్కారం

ఒకే ప్రశ్నకు పదిమంది తప్పు జవాబు రాశారంటే ఆ పది తప్పులూ ఒకటే కావు. ఒకరికి ప్రశ్నే అర్థం కాలేదు. ఇంకొకరికి అర్థమైంది గానీ ఏం చేయాలో తోచలేదు. మరొకరు అంతా సరిగ్గా చేసుకొచ్చి చివరి గుణకారంలో తడబడ్డారు. జవాబు పత్రం మీద మాత్రం అందరికీ అదే సున్నా. ఆ సున్నాను చూసి పిల్లల ఆలోచనను అంచనా వేస్తే, ఆ తర్వాత మనం ఎంత కష్టపడి చెప్పినా గురి తప్పుతుంది. తరగతిలో నాకు తరచూ ఎదురైన లక్షణాలను, వాటి వెనక ఉండే కారణాలను, పనిచేసిన మార్గాలను ఇక్కడ రాస్తున్నాను. మీకు ఏది కనిపిస్తోందో నేరుగా అక్కడికి వెళ్లి చదువుకోండి.

లక్షణం: మార్కులు బాగానే వస్తాయి, ప్రశ్న కాస్త మారిస్తే కాగితం ఖాళీ

చాలాసార్లు లోపం పిల్లల్లో ఉండదు, మన ప్రశ్నపత్రంలో ఉంటుంది. మనం అడిగినవన్నీ ఇంతకుముందు చేయించినవే అయితే, ఆ పరీక్ష జ్ఞాపకశక్తిని తప్ప ఇంకేమీ కొలవలేదు.

1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు చదువు లక్ష్యాలను ఆరు మెట్లుగా అమర్చారు. 2001లో సవరించిన రూపంలో ఆ మెట్లు ఇవి: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మంచిచెడ్డలు తేల్చడం, కొత్తగా సృష్టించడం. బీఎడ్‌లో అందరం చదివినవే. కానీ ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు మనలో చాలామంది క్రియాపదాన్ని చూసి మెట్టు నిర్ణయిస్తాం. ‘విశ్లేషించండి’, ‘నిరూపించండి’ అని ఉంటే పై మెట్టు అని రాసేస్తాం. పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపించమన్నామనుకోండి, ఆ నిరూపణ పుస్తకంలో ఉండి, పిల్లవాడు దాన్ని బట్టీ పట్టి వచ్చుంటే అది మొదటి మెట్టు ప్రశ్నే. అదే నిరూపణను ఎప్పుడూ చూడని పిల్లకు అది చాలా ఎత్తైన మెట్టు. మెట్టు ప్రశ్నలో ఒక్కదానిలోనే ఉండదు. ఆ ప్రశ్నకూ, దాన్ని ఎదుర్కొనే పిల్లకూ మధ్య ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయని నా నమ్మకం.

ఏం చేయాలంటే, ఒకే పాఠం మీద మూడు ప్రశ్నలు వేయండి. పొడవు 8 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం ఎంత? పొడవు, వెడల్పు పూర్ణసంఖ్యలుగా ఉండి వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు అయ్యే దీర్ఘచతురస్రాలు ఇంకెన్ని గీయగలవు, వాటిలో చుట్టుకొలత తక్కువ దేనికి? వైశాల్యం పెరిగితే చుట్టుకొలత తప్పకుండా పెరగాలా? మూడోదానికి ‘అవును’ అని రాసే పిల్లలు మొదటిదానిలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లే అయివుంటారు. భుజం 6 ఉన్న చతురస్రాన్ని, 10, 3 కొలతలున్న దీర్ఘచతురస్రాన్ని పక్కపక్కన గీసుకున్న పిల్ల మాత్రం ఆగిపోతుంది: వైశాల్యం 36, 30, చుట్టుకొలత 24, 26. ఆ ఆగిపోవడమే మనకు కావలసింది.

లక్షణం: కూడికలు, తీసివేతలు వస్తాయి, రాత లెక్కలు మాత్రం తప్పుతాయి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ‘భాష రాదు’ అనో, ‘లాజిక్ లేదు’ అనో తేల్చేస్తాం. రెండూ కాకపోవచ్చు.

1977లో ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ ఒక పద్ధతి చెప్పింది. రాత లెక్క చేయాలంటే పిల్ల ఐదు గడపలు దాటాలి: చదవడం, అర్థం చేసుకోవడం, దాన్ని లెక్కగా మార్చుకోవడం, ఆ లెక్క చేయడం, వచ్చినదాన్ని జవాబుగా రాయడం. ఏ గడప దగ్గర కాలు తట్టుకుందో తెలుసుకోవడానికి ఐదు మాటలు చాలు. ఇది చదువు. ఏం కనుక్కోమన్నారు? ఎలా చేద్దామనుకుంటున్నావు? చేసి చూపించు, చేస్తూ పైకి చెప్పు. ఇప్పుడు జవాబు ఏమిటో చెప్పు.

ఒక అమ్మాయితో జరిగిన సంభాషణ చెబుతాను. లెక్క ఇది: ట్యాంకులో 3/4 వంతు నీళ్లున్నాయి. ఆ నీళ్లలో మూడో వంతు వాడేశారు. ఇప్పుడు ట్యాంకులో ఎంత వంతు నీళ్లున్నాయి? ఆ పిల్ల 3/4 లోంచి 1/3 తీసేసి 5/12 అని రాసింది. తీసివేతలో తప్పు లేదు. కసాగు కూడా సరిగ్గానే తీసింది.

చదవమంటే తడుముకోకుండా చదివింది. ఏం అడిగారంటే, “ఇంకా ఎన్ని నీళ్లున్నాయని, టీచర్” అంది. ఎలా చేశావంటే, “వాడేశారు కాబట్టి తీసేశాను” అంది. అప్పుడు నేను వివరించడం మొదలుపెట్టలేదు. ట్యాంకు బొమ్మ గీయమన్నాను, అంతే. పొడుగ్గా ఒక పెట్టె గీసి, నాలుగు గదులు చేసి, మూడింటిలో పెన్సిలుతో గీతలు నింపింది. “ఇప్పుడు వాడేసిన నీళ్లు ఎక్కడున్నాయో చూపించు” అన్నాను. వేలు నిండిన గదుల మీదికి వెళ్లింది, ఒక గది మీద ఆగింది. కాసేపు కదల్లేదు. “టీచర్... ఒక గదే కదా! అయితే సగం ఉన్నట్టు!” అంది.

ఆమెకు భిన్నాల తీసివేత మళ్లీ నేర్పి ఉంటే రెండు పీరియడ్లు వృథా అయ్యేవి. తట్టుకుంది మూడో గడప దగ్గర: ‘ఆ నీళ్లలో మూడో వంతు’ అన్న మాటను ‘ట్యాంకులో మూడో వంతు’గా మార్చుకుంది. ‘వాడేశారు’ అన్న పదం కనిపించగానే చేయి తీసివేత గుర్తు వైపు వెళ్లిపోయింది. దీనికి మందు బొమ్మే. ఓ నెలపాటు ఏ రాత లెక్కకైనా బొమ్మకో మార్కు, లెక్కకో మార్కు విడిగా ఇవ్వండి.

అందరినీ ఇలా కూర్చోబెట్టి అడగడానికి సమయం ఉండదు, నిజమే. వారానికి ముగ్గుర్ని అడిగినా చాలు. ఆ ముగ్గురి తప్పులు తరగతిలో మరెంతమందివో వెంటనే తెలిసిపోతుంది.

లక్షణం: లెక్క సరిగ్గానే చేశారు, జవాబు మాత్రం అర్థం లేనిది

అమెరికాలో 1980ల మొదట్లో జరిగిన ఒక జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రశ్న: ఒక బస్సులో 36 మంది సైనికులు పడతారు. 1128 మందిని తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? సుమారు 70 శాతం మంది భాగహారం సరిగ్గా చేశారు. 32 అని రాసినవాళ్లు 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అని రాశారు. మిగిలిన ఆ 12 మంది ఎక్కడ కూర్చుంటారో ఎవరూ అడగలేదు.

బడిలో లెక్కంటే బతుకుతో సంబంధం లేనిదని పిల్లలకు అలవాటు చేసింది మనమే. జవాబును అంకెగా ఒప్పుకోకండి, పూర్తి వాక్యంలో రాయించండి. అప్పుడప్పుడు చాలినంత సమాచారం లేని లెక్క ఒకటి కలపండి. ‘ఈ లెక్క చేయడం కుదరదు, ఫలానాది ఇవ్వలేదు’ అని రాసిన పిల్లకు పూర్తి మార్కులివ్వండి.

లక్షణం: తప్పులకు తలాతోకా కనిపించడం లేదు

చాలాసార్లు ఉంటాయి. 52 లోంచి 27 తీస్తే 35 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా రాయలేదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న సొంత నియమాన్ని ఎంతో శ్రద్ధగా పాటించాడు. ఇది నిజమో కాదో తేల్చడానికి మంచి దారి, అతని తర్వాతి తప్పును ముందే ఊహించడం. 63 లోంచి 48 తీయమనండి. 25 వస్తుందని మీ కాగితం మీద ముందే రాసుకోండి. అదే వస్తే నియమం దొరికినట్టే. ఇంకేదో వస్తే మీ ఊహ తప్పు, మళ్లీ వెతకాలి.

తప్పు నియమం ఒక్కోసారి ఒప్పు జవాబునూ ఇస్తుంది. దశాంశాల్లో అంకెలు ఎక్కువుంటే అదే పెద్ద సంఖ్య అనుకునే పిల్ల, 0.62, 0.4 లలో పెద్దది ఏదంటే సరిగ్గా చెబుతుంది. 0.35, 0.8 అడిగితేనే బయటపడుతుంది. అందుకని ప్రశ్న ఎంచుకునేటప్పుడు, తప్పుగా ఆలోచించినా సరైన జవాబు వచ్చే వీలుందా అని ఒకసారి చూసుకోవాలి.

లక్షణం: భౌతికశాస్త్రంలో సూత్రాల లెక్కలు గబగబా చేస్తారు, అంకెలు లేని ప్రశ్నకు తప్పుతారు

బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, ఎంత ఎత్తుకు వెళ్తుంది? గురుత్వ త్వరణం 10 అని తీసుకుని 20 మీటర్లని రాసేస్తారు. అదే పిల్లల్ని అడగండి: బంతి అన్నిటికన్నా పైన ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత? చాలామంది సున్నా అంటారు. అక్కడ సున్నా అయ్యేది వేగం. త్వరణం సున్నా అయితే బంతి అక్కడే నిలిచిపోవాలి.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. కఠినమైన లెక్కలు చేయగల విద్యార్థులు బలం గురించిన మామూలు ప్రశ్నల దగ్గర తడబడ్డారు. 1992లో హెస్టెనీస్, ఆయన సహచరులు బలం అన్న భావన మీద ఒక ప్రశ్నావళి ప్రచురించారు. దాని గొప్పదనం తప్పు ఆప్షన్లలోనే ఉంది. ప్రతి తప్పు ఆప్షనూ పిల్లలు నిజంగా నమ్మే ఒక అపోహ. అందుకే ఏ తప్పు ఎంచుకున్నారన్నదే వాళ్ల మనసులో ఉన్నది చెబుతుంది.

ఇది మనమూ చేయొచ్చు. పిల్లల నోటి నుంచి వచ్చిన తప్పు మాటలనే ఆప్షన్లుగా పెట్టండి, కింద ‘ఎందుకు?’ అని ఒక గీత వదలండి. ఒకే రకమైన రెండు బల్బులు శ్రేణిలో ఉన్నాయి, ఏది ఎక్కువ వెలుగుతుంది? ‘రెండూ సమానం’ అని రాసి, కారణంగా ‘బ్యాటరీ కొత్తది కాబట్టి’ అని రాసినవారిని విడిగా గుర్తుపెట్టుకోండి. జవాబు ఒప్పు, కారణం తప్పు ఉన్న పిల్లలే ఎక్కువగా మన కళ్లు కప్పేది. పూర్తి మార్కులతో పై తరగతికి వెళ్లిపోతారు.

లక్షణం: జవాబులో పాయింట్లన్నీ ఉన్నాయి, అయినా ఏదో వెలితి

ఇనుప మేకు మునుగుతుంది, ఇనుప ఓడ ఎందుకు తేలుతుంది? ‘సాంద్రత ఉంటుంది. ఉత్ప్లవన బలం పనిచేస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం వర్తిస్తుంది’ అని రాస్తే మూడు పాయింట్లకు మూడు మార్కులు వేస్తాం. కానీ అవి దారంలో గుచ్చని పూసలు. 1982లో బిగ్స్, కోలిస్ చెప్పిన ‘సోలో’ (SOLO, జవాబులోని ముక్కలు ఎలా అతికాయో చూసే) వర్గీకరణ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. అసలు విషయం అందని జవాబు, ఒక్క ముక్క పట్టుకున్నది, చాలా ముక్కలున్నా అతకనిది, ముక్కలు అతికినది, అతికినదాన్ని కొత్త చోటికి తీసుకెళ్లినది అని ఐదు స్థాయిలు. ‘ఓడ లోపల బోలుగా ఉంటుంది, గాలితో కలిపి చూస్తే దాని సగటు సాంద్రత నీటికన్నా తక్కువ, కాబట్టి పూర్తిగా మునగకముందే తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టి తేలుతుంది’ అన్నది నాలుగో స్థాయి. ‘అందుకే చిల్లుపడి నీళ్లు నిండితే అదే ఓడ మునుగుతుంది’ అని దాటి వెళ్తే ఐదో స్థాయి తలుపు తట్టినట్టే.

మార్కులు వేసే పద్ధతి మార్చండి: ముక్కకు ఒక మార్కు కాదు, రెండు ముక్కల్ని కలిపిన ‘కాబట్టి’కి ఒక మార్కు.

లక్షణం: రేఖాగణిత నిరూపణలంటే భయం

ముందు ఒక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి గీసి, ఇదేమిటని అడగండి. ‘ఇది చతురస్రం కాదు’ అన్న పిల్ల ఇంకా ఆకారాన్ని కంటితోనే చూస్తోంది. 1957లో డచ్ ఉపాధ్యాయ దంపతులు పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే చెప్పింది ఇదే: మొదట ఆకారం, తర్వాత ధర్మాలు, తర్వాత ధర్మాల మధ్య సంబంధాలు, ఆ తర్వాతే నిరూపణ. మొదటి స్థాయిలో ఉన్నవారికి నిరూపణ చెబితే బట్టీ తప్ప దారి లేదు. కాగితపు ఆకారాలు కత్తిరించి ఇచ్చి గుంపులు చేయించండి. ఏ గుంపులో ఎందుకు పెట్టారో చెప్పించండి. ‘చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే’ అని వాళ్లంతట వాళ్లు వాదించుకునే రోజు వచ్చాక నిరూపణ మొదలుపెట్టండి.

లక్షణం: అడిగితే మౌనం

గడియారం చూసుకోండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, కారణాలతో వచ్చాయి. ఆ మూడు సెకన్లు మనకే భారంగా ఉంటాయి, ఓర్చుకోవాలి.

లక్షణం: ‘కింది స్థాయి’ అని రాసుకున్న పిల్ల ఏడాదంతా అక్కడే ఉంది

అలా రాసుకున్నాక ఆ పిల్లకు పై మెట్టు ప్రశ్న ఒక్కటైనా ఇచ్చామా? భిన్నాల్లో తడబడే పిల్లే లోలకం ప్రయోగంలో ‘తాడు పొడవు, గుండు బరువు రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో ఎలా తెలుస్తుంది?’ అని అడగొచ్చు. అది పై స్థాయి ఆలోచనే. రిజిస్టరులో పిల్ల పేరు ఎదురుగా ఒక్క స్థాయి రాయకండి. పాఠం పేరు, తేదీ, ఆ రోజు ఆ పిల్ల అన్న మాట ఒకటి రాసి పెట్టుకోండి. నెల తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడిగి, కొత్త మాటను దాని కిందే రాయండి.