బాపు పోస్టింగ్ మారింది, పిల్లల బడి మారేముందు చూసుకోవాల్సినవి

వేరే రాష్ట్రం నుంచి తెలంగాణకు బదిలీ అయి, మూవ్‌మెంట్ ఆర్డర్ (బదిలీ ఉత్తర్వు) చేతికి రాగానే ముందు బడికి వెళ్లండి, సామాను తర్వాత కట్టొచ్చు.

టీసీ ఒక్కటే చాలదు. పాత బడివాళ్లు యూడైస్ ప్లస్‌లో (దేశంలోని బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) పిల్లవాడి పేరును డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి, వదలాలి. వదలకపోతే హన్మకొండలోనో కరీంనగర్‌లోనో కొత్త బడి అతణ్ని ఆన్‌లైన్‌లో చేర్చుకోలేదు. అందులో పిల్లవాడికిచ్చిన శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబర్, రాసుకోండి. టీసీ, ఆధార్, జనన ధ్రువపత్రంలో పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూడండి.

ప్రతి తరగతికీ బోనఫైడ్ (ఆ బడిలో చదివినట్టు ధ్రువపత్రం) తీసుకోండి. 1 నుంచి 7 వరకు ఎక్కడ చదివారన్నదే రేపు తెలంగాణలో ఉద్యోగానికి స్థానికతను తేల్చేది. ఏళ్ల తర్వాత జోధ్‌పూర్ లాంటి పాత పోస్టింగ్ ఊరి దాకా పోయి తెచ్చుకోవడం మామూలు తిప్పలు కాదు.

తొమ్మిది, పది మధ్య వీలైతే కదపొద్దు. సీబీఎస్‌ఈ పదిలో చేరాలంటే బోర్డు అనుమతి కావాలి, దానికి బదిలీ ఉత్తర్వు జత చేయాలి.

తెలుగు: 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తప్పనిసరి అయింది. హిందీ ప్రాంతం నుంచి వచ్చే పిల్లకు మాట వచ్చినా రాత రాదు. రెండు నెలల ముందే గుణింతాలు, ఒత్తులు మొదలుపెట్టండి.

చిన్నవాళ్లకు తేదీ ముందే చెప్పండి. పాత స్నేహితుల ఫోన్ నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాయించండి. మొదటి నెలల్లో పొద్దున్నే కడుపునొప్పి, బడికి పోనని మొండికేయడం కనిపిస్తే తిట్టకుండా క్లాస్ టీచర్‌తో మాట్లాడండి.