రాత్రి పదకొండైనా పడుకోని మా పాప

మా పాపకి మూడు నిండాయి. రాత్రి పదకొండైనా కళ్ళు మూసేది కాదు. ఇంకో కథ, కాసిని నీళ్ళు, మళ్ళీ బాత్రూమ్. లైటు తీస్తే ఏడుపు.

ఈ వయసు పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ లెక్క వేసి చూస్తే సంగతి తెలిసిపోయింది. సాయంత్రం అయిదు దాకా పడుకున్న పిల్లకి తొమ్మిదింటికి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? అది మొండితనం కాదు. అందుకే పగటి నిద్ర ముందుకి జరిపి, మూడింటికల్లా లేపడం మొదలుపెట్టాం. మొదట్లో సాయంత్రాలు తెగ చిరాకు పడేది. ఆ వేళలో ఆరుబయట ఆడిస్తే సర్దుకుంది.

పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోన్ బంద్. తెర వెలుతురుకి నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. నా ఫోన్ కూడా పక్క గదిలోనే. నిజం చెప్పాలంటే పాప కన్నా నాకే ఇది కష్టం.

"పడుకుందామా?" అని ఇప్పుడు అడగను. దానికి "వద్దు" అనే జవాబు ఎప్పుడూ రెడీ. "లైటు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?" అంటాను. స్విచ్ తన చేతికొచ్చాక ఏడుపు ఆగింది. నీళ్ళ సీసా మంచం పక్కనే ఉంటుంది కాబట్టి ఆ వంకా లేదు.

చుట్టాలొచ్చిన రోజు మాత్రం ఇవేవీ పనిచెయ్యవు. ఆ రాత్రికి వదిలేసి, మర్నాడు మామూలు వేళకే లేపుతాను.